ఎడింబరో వెళ్ళి ఏం చూడాలి?



మా బడిలో చదివి ఫార్మసీ కళాశాలలో చేరిన ఒక కుర్రవాడు ఆ మధ్య తోటి విద్యార్థులతో కలిసి బ్రిటన్ వెళ్ళి వచ్చాడు. అక్కడి వైద్య ఏర్పాట్లను చూసి రావడమే ఆ ప్రయాణం ఉద్దేశం. మూడు వారాలు, మూడు నగరాలు. చివరిది ఎడింబరో. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల మూటలు మోసే హమాలీ కొడుకు విమానమెక్కి వెళ్ళి వచ్చాడంటే మా బడికంతా పండుగే గదా! తొమ్మిది, పది తరగతుల పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి, "నువ్వు చూసింది వీళ్ళకు చెప్పు బిడ్డా" అన్నాను.

గంటసేపు చెప్పాడు. బొమ్మలు చూపించాడు. అద్దాల గోడలు, మనిషి దగ్గరకు రాగానే తెరుచుకునే తలుపులు, శరీరం లోపలి భాగాలను పొరలు పొరలుగా చూపించే స్కానింగు యంత్రాలు. పిల్లలు నోళ్ళు తెరచి విన్నారు. చివర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి ఇలా అడిగింది.

"అన్నా, ఆడ నానమ్మలకు బీపీ గోలీలు అయిపోతే మళ్ళ ఎట్ల తెచ్చుకుంటరు?"

పిల్లలు నవ్వారు. అతను నవ్వలేదు. కాసేపు ఆలోచించి, నా వైపు తిరిగి, "అది చూడలేదు సార్" అన్నాడు.

ఆ అమ్మాయి ఎందుకు అడిగిందో నాకు తెలుసు. వాళ్ళ నానమ్మకు రక్తపోటు ఉంది. ఒకసారి ఒక డాక్టరు, ఇంకోసారి ఇంకో డాక్టరు, ప్రతిసారీ ఒక కొత్త చిట్టీ. ఇల్లు మారినప్పుడు ఆ చిట్టీలు పోయాయి. చిట్టీ లేదు కనుక గోలీ పేరు తెలియదు. తలనొప్పి కూడా లేదు కనుక గోలీ అవసరమనీ అనిపించలేదు. రెండు నెలలు గడిచాయి. ఒకనాడు తెల్లవారి లేచేసరికి ఆమె కుడి చెయ్యి కదలలేదు. మాట ముద్దగా వచ్చింది. రక్తపోటు అదుపు తప్పడం పక్షవాతానికి ముఖ్యమైన కారణాలలో ఒకటని మీరు పాఠంలో చదివే ఉంటారు. ఆ అమ్మాయి పాఠంలో కాదు, ఇంట్లో చదివింది.

ఆ రోజు నుండి నాకొక ఆలోచన పట్టుకుంది. మన పిల్లలు పై దేశాల వైద్య ఏర్పాట్లు చూడడానికి వెళ్ళాలా? వెళ్ళాలి, తప్పకుండా వెళ్ళాలి. దానికి పెట్టే డబ్బు దండుగ అనేవారితో నేను ఏకీభవించను. అయితే వెళ్ళి ఏం చూడాలి అన్నదే అసలు సంగతి. ఎడింబరో పేరు వినగానే నాకు హైదరాబాదుకూ ఆ నగరానికీ మధ్య జరిగిన పాత రాకపోకలు కొన్ని గుర్తుకు వచ్చాయి. నా అభిప్రాయాన్ని ఆ కథలోనే చెబుతాను.

పదిహేనేళ్ళ పిల్ల మరణం

1847 నవంబరులో ఎడింబరో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం అనే ద్రవానికి మనిషిని నిద్రపుచ్చే గుణం ఉందని కనుగొన్నాడు. అది ఎంత గొప్ప వరమో ఊహించండి. అంతకు ఏడాది ముందే ఈథర్ వచ్చింది. అవి రాకముందు మెలకువగా ఉన్న మనిషిని నలుగురు అదిమి పట్టుకుంటే కత్తి పెట్టేవారు.

కాని మూడు నెలలైనా తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలలో చనిపోయింది. ఆమెకు జరగవలసింది కాలి వేలి గోరు తీసే చిన్న ఆపరేషను మాత్రమే. ఆమెది మీ వయస్సే సుమా!

ఎందుకు చనిపోయింది? ఊపిరి ఆగినందుకా, గుండె ఆగినందుకా? డాక్టర్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. గుండె సంగతి మరువరాదని లండనులోని జాన్ స్నో వంటివారు అన్నారు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి పట్టుకోనక్కరలేదని ఎడింబరో వైద్య గురువు జేమ్స్ సైమ్ శిష్యులు అన్నారు. ఇది మాటల పట్టింపు కాదు. మత్తు ఇచ్చే మనిషి కళ్ళు రోగి ఛాతీ మీద ఉండాలా, వేళ్ళు నాడి మీద ఉండాలా అన్న ప్రశ్న. దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

సమాధానంతో వచ్చినవారు

సైమ్ మాటను నమ్మినవారిలో ఎడ్వర్డ్ లారీ ఒకరు. ఆయన 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, ఇక్కడి వైద్య పాఠశాలను నడిపాడు. క్లోరోఫారంతో గుండెకు భయం లేదు, ఊపిరి ఒక్కటి చూసుకోండి అన్నది ఆయన దృఢ విశ్వాసం. దాన్ని రుజువు చేయడానికి 1888లో హైదరాబాదు క్లోరోఫారం కమిషను ఏర్పడింది. ఇంగ్లండు వైద్యులు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, నిపుణుణ్ణి పంపి చూసుకోండని లండనులోని లాన్సెట్ వైద్య పత్రికను ఆహ్వానించింది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన శాస్త్రజ్ఞుడు ఓడ దిగి వచ్చాడు.

ఎంత గమ్మత్తో చూడండి! హైదరాబాదులో జరిగే ప్రయోగాన్ని చూడడానికి లండను నుండి పండితుడు వచ్చాడు. నేర్చుకోవడానికి మనమే బయటికి వెళ్ళాలి, మన దగ్గరకు ఎవరూ రారు అనుకోవడం పొరపాటన్నమాట.

కుక్కలు, కోతులు మొదలైన వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. గుండెకే ముందు ప్రమాదం అని అనుకుంటూ వచ్చిన బ్రంటన్ కూడా వాటిని చూసి మనసు మార్చుకున్నాడు. క్లోరోఫారం ముందు ఊపిరిని ఆపుతుంది, గుండె ఆగేది ఆ తరవాతనే అని కమిషను తేల్చింది.

అది తప్పా? వాళ్ళు చూసింది నిజమే. కాని చూడనిది ఒకటి మిగిలిపోయింది. వాళ్ళు ఎక్కువగా చూసింది జంతువులకు బాగా లోతుగా మత్తు ఎక్కినప్పుడు ఏమవుతుందో. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు మరో సంగతి బయటపెట్టాడు. మత్తు పైపైన ఉన్నప్పుడు, భయంతోనో బాధతోనో శరీరంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె కొట్టుకోవడం మాని గజగజ వణికి, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అంటే గుండెను గురించి భయపడినవారి మాటలోనూ నిజం ఉంది. ఈనాడు ఆపరేషను గదిలో ఊపిరినీ గుండెనూ రెండింటినీ యంత్రాలు క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటాయి.

లారీ చురుకైనవాడు, మంచి గురువు. ఆడపిల్లలను వైద్యవిద్యకు చేర్చుకున్నవాడు. ఆయనలో నేను చూసే లోపం ఒక్కటే. సమాధానాన్ని ముందే మూటగట్టుకుని వచ్చి, దానికి సరిపోయే ప్రశ్నను వెతికాడు.

ప్రశ్నతో వెళ్ళినావిడ

ఆ రోజులలోనే లారీ దగ్గర చదివిన విద్యార్థినులలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ. హైదరాబాదు పార్సీ కుటుంబపు బిడ్డ. 1889లో హకీం పట్టం పుచ్చుకుని, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి మొదలైన చోట్ల ఆపరేషన్లకు క్లోరోఫారం ఇచ్చే పనిలో ప్రవేశించారు. ప్రపంచంలో మత్తు వైద్యం చేసిన మొదటి మహిళ ఆమేనని పలువురు చరిత్రకారులు చెబుతారు. ఉస్మాన్‌గంజ్ నుండి అఫ్జల్‌గంజ్‌కు నడిచిపోవచ్చు. అయితే ఆమె పనిచేసిన ఆనాటి ఆసుపత్రి ఇప్పుడు లేదు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆ వరదలో సుమారు 150 మందిని తన కొమ్మల మీద కాపాడిన చింతచెట్టు మాత్రం ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచి ఉంది.

ఆ మరుసటి ఏడు, 1909లో, రూపాబాయి ఎడింబరో వెళ్ళారు. అప్పటికి ఆమె ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టరు. ఏం చదివారనుకున్నారు? భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం! మత్తు వైద్యానికి ప్రత్యేకమైన చదువు ఆనాడు అక్కడ కూడా లేదు. బ్రిటన్‌లో దానికి డిప్లొమా పరీక్ష మొదలైంది 1935లో. అందుకని తన పనికి పునాది అయిన శాస్త్రాలను ఎంచుకున్నారు.

ఆమె ఎంచుకున్న పాఠాలే ఆమె మనసులోని ప్రశ్నను చెబుతున్నాయని నేను అనుకుంటాను. క్లోరోఫారం సుమారు 61 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. దాని ఆవిరి గాలికంటె నాలుగు రెట్లు బరువు. అన్నిటికంటె ముఖ్యం, అది ఎంత వేగంగా ఆవిరి అవుతుందన్నది గది వేడిని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని బాష్పపీడనం ఎంతో, 35 డిగ్రీల దగ్గర దానికి దాదాపు రెట్టింపు. ఒకే గుడ్డ మీద అవే పది చుక్కలు వేసినా, ఎడింబరో చలిలో రోగి ముక్కుకు అందే ఆవిరి వేరు, హైదరాబాదు ఎండలో అందేది వేరు.

నమ్మకం లేకపోతే చేసి చూడండి. ఒకే కొలత గల రెండు గుడ్డ ముక్కలను నీటిలో ఒకే విధంగా తడపండి. ఒకటి నీడలో, ఒకటి ఎండలో ఆరవేయండి. ఏది ఎంతసేపట్లో ఆరిందో రాసుకోండి. అదే నీరు, అదే గుడ్డ. మారింది చోటు మాత్రమే.

చదువు ముగించుకుని రూపాబాయి తిరిగి హైదరాబాదుకే వచ్చి, ఇక్కడి రోగులకే సేవ చేశారు.

చలిదేశపు లెక్క

ఇప్పుడు మా కుర్రవాడి ప్రయాణానికి వద్దాం. ఒక దేశపు వైద్య ఏర్పాటు కూడా క్లోరోఫారం వంటిదే. అక్కడి చుక్కల లెక్కను యథాతథంగా ఇక్కడ వాడితే కుదరదు. అలాగని అక్కడి లెక్క మనకెందుకు అనడమూ తెలివి కాదు. చుక్క ఏ సూత్రం ప్రకారం ఆవిరి అవుతుందో తెలుసుకుని రావాలి. సూత్రం తెలిస్తే మన ఎండకు మన లెక్క మనమే కట్టుకోవచ్చు.

నానమ్మ గోలీల ప్రశ్నకు జవాబు తరువాత మేమిద్దరం వెతికి తెలుసుకున్నాం. బ్రిటన్‌లో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. దానికి డబ్బు ప్రధానంగా ప్రజలు కట్టే పన్నుల నుండి వస్తుంది. ప్రతి మనిషీ తన ఇంటి దగ్గరి కుటుంబ వైద్యశాలలో పేరు రాయించుకుంటాడు. అత్యవసరమైతే నేరుగా పెద్దాసుపత్రికే వెళ్ళవచ్చు. మామూలుగా మాత్రం ముందు ఆ కుటుంబ డాక్టరు చూసి, అవసరమైతే ఉత్తరం రాసి నిపుణుడి దగ్గరకు పంపుతాడు. ఎడింబరో ఉన్న స్కాట్లండులో ప్రతివారికీ పది అంకెల ఆరోగ్య సంఖ్య ఒకటి ఉంటుంది. అందులో మొదటి ఆరు అంకెలు పుట్టిన తేదీ. రక్తపోటు వంటి దీర్ఘకాలపు జబ్బు ఉన్నవారికి ప్రతిసారీ కొత్త చిట్టీ అక్కరలేదు. మళ్ళీ మళ్ళీ అదే మందు ఇవ్వవచ్చునని డాక్టరు రాసి ఉంచుతాడు. గోలీలు అయిపోయే ముందు అడిగితే మందుల దుకాణానికి చేరుతాయి. 2011 నుండి స్కాట్లండులో ఆ చిట్టీ మందులకు డబ్బు కూడా తీసుకోవడం లేదు. ఆమె కాగితం పోగొట్టుకున్నా ఆమె వివరాలు పోవు. చూశారా? ఇందులో అద్దాల తలుపు ఎక్కడా లేదు.

అక్కడ అంతా బంగారమేనా? కాదు. నిపుణుణ్ణి చూడడానికి, కొన్ని ఆపరేషన్లకు నెలల తరబడి వేచి ఉండవలసి వస్తోందని అక్కడివారే మొరపెట్టుకుంటున్నారు. పైగా ఆ ఏర్పాటు ఒక్క రోజులో పుట్టలేదు. రూపాబాయి వెళ్ళిననాడు ఎడింబరో పెద్దాసుపత్రి దాతల చందాలతో నడిచేది. 1911 చట్టం పనివాడికి డాక్టరును ఇచ్చింది గాని అతని భార్యకూ పిల్లలకూ ఇవ్వలేదు. అందరికీ అన్న మాట రావడానికి మరో 37 సంవత్సరాలు పట్టింది.

మన దగ్గరా ఏమీ లేదనుకోకండి. 1946లోనే భోర్ కమిటీ, డబ్బు లేదన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోరాదని చెప్పింది. ఊరూరా ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వెనుక ఉన్నది ఆ ఆలోచనే. 2018 నుండి హైదరాబాదులో బస్తీ దవాఖానాలు వచ్చాయి. అక్కడ డాక్టరు చూడడం, మందులు ఉచితం. 2021లో దేశమంతటికీ 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య వచ్చింది. అయినా 2021-22 లెక్కల ప్రకారం మన దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయలలో సుమారు 39 రూపాయలు జనం తమ జేబులోంచే పెట్టుకుంటున్నారు.

బయట చూసినదాన్ని మన నేలకు సరిపెట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఆపదలో పిలవడానికి ఒకే ఫోను సంఖ్య అనే ఏర్పాటు 1937లో లండనులో 999తో మొదలైంది. మన 108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాదులో. సూత్రం అదే. కాని ఇంటి నంబరు లేని తండాకూ బండి వెళ్ళాలి. మర్రిచెట్టు, మసీదు, బోరింగు గుర్తులు చెబితే అర్థం చేసుకోవాలి. కాన్పు నొప్పులు వచ్చిన తల్లీ దాన్నే పిలుస్తుంది. ఇది మన ఎండకు కట్టుకున్న లెక్క.

వెళ్ళేవారికీ, వెళ్ళలేనివారికీ

కనుక రేపు మీలో ఎవరైనా పై దేశం వెళితే నా మాట మూడు విధాల గుర్తుంచుకోండి.

మొదటిది, బయలుదేరే ముందు మీ వీధిని చూడండి. జబ్బు చేసిన మనిషి మన దగ్గర ఎక్కడ చిక్కుకుంటున్నాడో తెలియకుండా వెళితే, అక్కడ ఏ ముడి ఎలా విప్పారో మీ కంటికి ఆనదు.

రెండవది, యంత్రం వెంట కాదు, మనిషి వెంట నడవండి. ఒక ముసలమ్మ ఇంటి గడప దాటి, గోలీ చేతికి అందేవరకు ఎన్ని మెట్లు ఎక్కిందో, ఎవరితో మాట్లాడిందో, ఎంత డబ్బు ఇచ్చిందో రాసుకోండి. యంత్రాల బొమ్మలు పుస్తకంలో దొరుకుతాయి. ఈ దారి దొరకదు.

మూడవది, చూడనిదేమిటో కూడా రాసుకోండి. వందలాది ప్రయోగాలు చేసిన కమిషనుకే ఒక సంగతి కనిపించలేదు. మూడు వారాల యాత్రికుడికి ఎన్ని కనిపించవు! "అది చూడలేదు సార్" అని మా కుర్రవాడు అన్న ఆ మాటే ఆ రోజు అతను చెప్పినవాటిలో అన్నిటికంటె శాస్త్రీయమైన మాట అని నేను అంటాను.

మరి విమానం ఎక్కలేనివారి సంగతి? మా బడిలో నూటికి తొంభైతొమ్మిది మంది అటువంటివారే. వారికి నేను చెప్పేది ఒకటే. బస్తీ దవాఖానా కూడా విజ్ఞాన యాత్రాస్థలమే. పెద్దవారిని వెంటబెట్టుకుని, అక్కడి డాక్టరు అనుమతితో, ఈ మూడు పనులే చేయండి.

ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనం కట్టడానికి 2025 జనవరిలో పునాదిరాయి వేశారు. పాత భవనం పెచ్చులూడి, 2020లో నీళ్ళు చేరి, రోగులను అందులోనుండి తరలించవలసి వచ్చింది కనుక కొత్తది రావలసిందే. కాని భవనం ఎంత పెద్దదైనా, పోయిన చిట్టీ సంగతి అది తేల్చదు. దానికి భవనం కాదు, ఏర్పాటు కావాలి. ఏర్పాటు గురించి అడిగే పౌరులు కావాలి. ఆ పౌరులు మీరే.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఇప్పుడు ఒక నలభై పేజీల నోటుబుక్కు పెట్టింది. ఎడమ పేజీలో తేదీ, నానమ్మ రక్తపోటు. కుడి పేజీలో గోలీ పేరు, ఎన్ని మిగిలాయో. ఏడు మిగిలాయంటే ఆ రోజు ఎర్ర సిరాతో గీత గీస్తుంది. దవాఖానాకు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం తీసుకుపోతుంది. నానమ్మ చెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. కాని ఆ రోజు తరవాత ఒక్క రోజూ గోలీ తప్పలేదు.

ఫార్మసీ కుర్రవాడు ఆ పుస్తకాన్ని అడిగి తీసుకుని, ప్రతి పేజీ తిప్పి చూశాడు. "మళ్ళీ అవకాశం వస్తే దీన్ని పట్టుకుని పోతా సార్" అన్నాడు.